అయ్యగారి పేరు మీద

కిల్‌బ్రైడ్ లోయ, పెన్సిల్వేనియా
1751 అక్టోబరు 14, సోమవారం

సముద్రం అవతల సంఘాల పనిమీద తిరుగుతున్న నా భర్త రెవరెండ్ ఆర్చిబాల్డ్ మెక్‌క్లెలన్ గారికి, దేవుడు మీ దారిని కాపాడాలని కోరుకుంటూ గ్రిజెల్ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ పిల్లలూ క్షేమం. ఎల్స్‌పెత్, నినియన్, మార్జరీ ముగ్గురూ నేను రాస్తున్న ఈ బల్ల చుట్టూనే కూర్చుని మొక్కజొన్న గంజి తాగుతున్నారు. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే కిందికి పోయేకొద్దీ మీకు గుండె దడ పుట్టే చోట్లు ఉన్నాయి. అక్కడికి చేరినప్పుడు మళ్ళీ పైకొచ్చి ఈ వాక్యం చదువుకోండి.

ఏప్రిల్‌లో మీరు యాంట్రిమ్ నుంచి రాసిన ఉత్తరం అందింది. మా అమ్మని చూసి వచ్చారని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. మీరు చిక్కిపోయారని, "పిల్ల నీకు వేళకి పెట్టడం లేదా" అని అడిగిందా? పెళ్ళయి పదహారేళ్ళయినా ఆవిడ దృష్టిలో ఏ తప్పయినా నాదే. ఆర్నెల్లుగా నేను మీకు వండిపెట్టలేదని, మీరు చిక్కితే అది వాళ్ళ ఊరి వంటల పుణ్యమేనని చెప్పకపోయారా? ఇద్దరు కుర్ర పాస్టర్లు మీ వెంట ఇక్కడికి రావడానికి ఒప్పుకున్నారని రాశారు. పెళ్ళికాని వాళ్ళయితే ఆ సంగతి ముందే రాయండి. ఈ లోయలో ఆడపిల్లల తల్లులు ఇప్పటికే నన్ను రెండుసార్లు అడిగారు.

మీ ప్రశ్నలకి వరసగా జవాబులు రాస్తాను. మందిరం పైకప్పు పడమటి వైపు ఇంకా కారుతోంది. నినియన్ లాటిన్ చదువు ఆగలేదు. క్రియాపదాలన్నీ పాలు పితికేటప్పుడు ఆవుకి అప్పచెబుతున్నాడు, తప్పు చెప్పినా అది తన్నడం లేదు కాబట్టి మీకంటే మంచి గురువట. ఎల్స్‌పెత్ నా భుజం దాటింది. ఈ ఏడు అవిసె నార బాగా వచ్చింది, చలికాలమంతా వడకడానికి సరిపోతుంది. నా పన్ను పీకించుకున్నాను, కమ్మరి చేత. దాని గురించి ఇంకేమీ అడగకండి.

ప్రసంగాల సంగతి అడిగారు. సంఘ పెద్ద గావిన్ టెంపుల్టన్ మీరు వదిలి వెళ్ళిన ప్రసంగాల కట్ట విప్పి ప్రతి ఆదివారం సబ్బాతు ఆరాధనలో ఒకటి చొప్పున చదువుతున్నాడు. మీరు ఆగని చోట ఆయన ఆగుతాడు, మీరు ఆగిన చోట ఆయన ఆగడు. జూన్‌లో ఒకసారి నరకాన్ని గురించిన పేజీ తర్వాత పంటల పండుగ ప్రసంగంలోని పేజీ కలిసిపోయింది. ఆ సంవత్సరం నరకంలో గోధుమలు విరగపండాయని విన్నాం. ఎవరూ నవ్వలేదు. మన సంఘం ఎంత గట్టిదో నాకప్పుడు తెలిసింది.

మీరు ఉత్తరంలో రాసిన మాటల్లో ఒక్కదానికి తప్ప అన్నిటికీ జవాబు రాశాను. దానికీ రాస్తాను. ముందు జరిగింది చెప్పనివ్వండి.

ఆగస్టు మొదట్లో కరోలినా వైపు వలసపోతున్న ఒక కుటుంబం మిల్లు దగ్గర బండి ఆపింది. బండిలో ఒక బిడ్డకి ఒళ్ళు కాలిపోతోంది. మిల్లు యజమాని భార్య జాలిపడి ఆ బిడ్డకి పాలు పట్టింది. వాళ్ళు మర్నాడే వెళ్ళిపోయారు. పన్నెండు రోజులకి మిల్లులో మొదటి పొక్కులు కనిపించాయి. మశూచి వచ్చిందన్న మాట మధ్యాహ్నానికల్లా లోయ చివరిదాకా పాకింది.

ఏం చేద్దామని పెద్దల సభ కూడింది. సభలోకి నాకు పిలుపు ఉండదని మీకు తెలుసు. అందుకని గుమ్మం బయట బెంచీ మీద కూర్చుని నార వడుకుతూ ఉన్నాను. గావిన్ బయటికి వచ్చి చెప్పాడు: "బుధవారం ఉపవాస దినం. లోయలో ప్రతి గడపా మందిరానికి రావాలి."

"ఉపవాసం ఉండాల్సిందే పెద్దయ్యా," అన్నాను. "కాని ఎవరింట్లో వాళ్ళం ఉందాం. మిల్లు వాళ్ళ పక్కన పిల్లల్ని ఇరికించి కూర్చోబెట్టి కీర్తనలు పాడించడం దేనికి?"

"దేవుడి ఇంట్లో రోగం అంటుకుంటుందా అమ్మగారూ?"

"దేవుడి ఇంట్లో చలి వెయ్యడం లేదా? పైకప్పు కారడం లేదా?"

"అయ్యగారు ఉంటే మీరీ మాట అనేవారు కాదు."

"అయ్యగారు ఉంటే మీరు నాతో ఇలా మాట్లాడేవారు కాదు."

ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. బుధవారం నాడు అందరూ మందిరానికి వచ్చారు. నేనూ పిల్లలూ వెళ్ళలేదు. అయ్యగారి భార్య ఉపవాస ప్రార్థనకి రాలేదని నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. ఆ పై వారంలో కీర్తనలు ఎత్తుకునే హ్యూస్టన్ గారి భార్య మంచాన పడింది. ఆ తర్వాత మందిరంలో వాళ్ళ వెనక వరసలో కూర్చున్న ముగ్గురు పడ్డారు. అప్పుడు ఎవరూ ఏమీ అనుకోలేదు. అందరూ ఎవరి తలుపులు వాళ్ళు మూసుకున్నారు.

మిల్లులో రోగుల్ని చూడడానికి రేవు దగ్గర సత్రం నుంచి కూబా అనే ఆమెని పిలిపించారు. మీరు ఆమెని చూసే ఉంటారు. పొడుగ్గా, నల్లగా, తలకి ఎప్పుడూ నీలం గుడ్డ చుట్టుకుని ఉంటుంది. చిన్నప్పుడు ఆఫ్రికా నుంచి తీసుకొచ్చి బార్బడోస్‌లో అమ్మారు. యజమాని చనిపోతూ ఆమెని విడుదల చేశాడు. విడుదల కాగితం చూపించనిదే ఆమెని రేవు దాటనివ్వని మనవాళ్ళే, బిడ్డ ఒళ్ళు కాలితే ఆమె కోసం గుర్రం పంపారు. నేను పాత గుడ్డలూ మజ్జిగా తీసుకుని మిల్లు కంచెదాకా వెళ్ళినప్పుడు పెరట్లో ఆమె దుప్పట్లు ఉడకబెడుతోంది.

"నీకు భయం లేదా?" అని అడిగాను.

ఆమె చెయ్యి చాపి భుజం కింద మచ్చ చూపించింది. షిల్లింగు బిళ్ళంత, నున్నగా ఉంది. "నాకింక రాదు అమ్మగారూ. మా నాయనమ్మ పెట్టింది ఇది. తేలిగ్గా వచ్చినవాడి పొక్కులోంచి కొంచెం రసం, మన చేతికి కొంచెం గాటు. వారం పోయాక జ్వరం. పదో ఇరవయ్యో పొక్కులు. అంతే. మా ఊళ్ళో పిల్లలందరికీ పెట్టేవాళ్ళు."

"ఫిలడెల్ఫియాలో డాక్టర్లు చేస్తున్నారని విన్నాను."

"వాళ్ళు పెద్ద రుసుము పుచ్చుకుంటారట. మా నాయనమ్మ కోడిపిల్లని పుచ్చుకునేది."

"ఎవరూ పోరా?"

ఆమె దుప్పట్లు కలిపే కర్ర పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "పోతారు. అబద్ధం చెప్పను. మామూలుగా వస్తే ఆరుగురిలో ఒకరు పోతారు. ఇలా గాటు పెట్టి అంటు వేస్తే ఏ యాభైమందిలోనో ఒకరు. కాని ఆ ఒక్కరూ మీ బిడ్డే కావొచ్చు. అది మనసులో పెట్టుకుని అడగండి, అప్పుడు చెబుతాను."

ఇంటికి వచ్చి నేను మన జోసయాని తలుచుకున్నాను. మీరూ నేనూ పదమూడేళ్ళుగా వాడి పేరు ఒకరి దగ్గర ఒకరం ఎత్తలేదు. ఇక్కడికి వచ్చే ఓడలో మశూచితో పదకొండు రోజులు. రెండేళ్ళ బిడ్డ మొహంలో కళ్ళెక్కడున్నాయో తెలియలేదు. మీరు వాడిని గుడ్డలో చుట్టి సముద్రంలోకి వదిలి, గొంతు వణకకుండా కీర్తన పాడారు. ఆ రోజు మీ విశ్వాసం చూసి ఓడలో అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం, దేవుడు చేతులిచ్చింది దేనికి అని అడుక్కున్నాను. ఆ ప్రశ్న మీ దగ్గర ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

మర్నాడు కూబాని మనింటికి రమ్మన్నాను. ముందు ఎల్స్‌పెత్ చెయ్యి చాపింది. "నాన్నగారు ఒప్పుకున్నారా అమ్మా?" అని అడిగింది. నేను "ఊఁ" అన్నాను. నినియన్ కళ్ళు గట్టిగా మూసుకుని లాటిన్‌లో ఏదో గొణిగాడు. మార్జరీ కూబా నీలం గుడ్డ చివర పట్టుకుని ఊపుతూ, తన చేతికి గాటు పడిన సంగతే గమనించలేదు.

అంటు వేసిన పిల్లల నుంచి కూడా రోగం ఇతరులకి పాకుతుందని కూబా చెప్పింది. అందుకని పొక్కులు ఎండి రాలేదాకా వాళ్ళని విడిగా ఉంచాలి. మీ లాటిన్ బడి గుడిసె ఖాళీగా ఉంది కదా. బెంచీలు బయట పెట్టించి, నేలంతా గడ్డి పరిపించాను. మీరు తిరిగొచ్చాక ఆ బడిలో ఏ మూల ఏ రోగిని పడుకోబెట్టానో అడగొద్దు. సున్నం వేయించాను.

ఇలాంటివి దాగవు. మూడో రోజు పొద్దున్న కంచె దగ్గర తొమ్మిదిమంది తల్లులు నిలబడ్డారు. మగ్గం ఆడమ్ క్రోజియర్ భార్య జెనెట్ అందరికంటే ముందుంది, నాలుగేళ్ళ కొడుకు ఎబెన్‌ని చెయ్యి పట్టుకుని. గావిన్ కోడలు చివర్న తల వంచుకుని నిలబడింది. మామగారికి తెలియకుండా వచ్చిందని చూడగానే తెలిసింది.

"అమ్మగారూ," అంది జెనెట్. "మీ పిల్లలకి వేయించారంట. నిజమేనా?"

"నిజమే."

"గావిన్ పెద్దయ్య అది దేవుణ్ణి పరీక్షించడమంటున్నాడు. అయ్యగారేమన్నారు?"

నేను ఒక జవాబు చెప్పాను. ఏం చెప్పానో కింద రాస్తాను. ఆ జవాబు విన్నాక తొమ్మిదిమందీ పిల్లల్ని తెచ్చారు. వాళ్ళని చూసి ఇంకొందరు వచ్చారు. మన ముగ్గురితో కలిపి ఇరవై ఏడుగురు పిల్లలు మీ బడిలో పడుకున్నారు.

ఆ మూడు వారాల గురించి ఒక పుస్తకం రాయొచ్చు. కూబా చెప్పిందే చట్టం. మాంసం లేదు, ఉప్పు లేదు, మొక్కజొన్న గంజీ పాలే. ఒక్క పిల్లాడు గోక్కున్నా చేతికి గుడ్డ సంచి కట్టేసేది. తల్లుల్ని వంతుల మీద లోపలికి రానిచ్చేది. "మీ ఏడుపు బయట ఏడ్చి రండి, ఇక్కడ చోటు లేదు," అనేది. గావిన్ ఒకరోజు దారిలో నన్ను ఆపి, "బడిని ఆ ఆఫ్రికా దాని చేతిలో పెట్టారే!" అన్నాడు. "మీ గుర్రానికి కాలు బెణికినప్పుడు కట్టు కట్టింది ఆమేగా, అప్పుడు అడగలేదేం?" అన్నాను.

ఎనిమిదో రోజున జ్వరాలు మొదలయ్యాయి. మన ముగ్గురిలో నినియన్‌కి ఎక్కువ వచ్చింది. రెండు రోజులు స్పృహ సరిగ్గా లేదు. నన్ను ఆవనుకుని క్రియాపదాలు అప్పచెప్పాడు. నేను ఒక్కటీ తప్పు పట్టలేదు. మూడో రోజు పొద్దున్న కళ్ళు తెరిచి, "అమ్మా, ఆకలి," అన్నాడు. ఆ మాట విన్నాక నేను బయటికి వెళ్ళి కట్టెల దొంతర వెనక కూర్చుని, కూబా చెప్పినట్టే, నా ఏడుపు అక్కడ ఏడ్చి వచ్చాను. వాడికి ముప్పై ఒక్క పొక్కులు. ఎల్స్‌పెత్‌కి తొమ్మిది. మార్జరీకి నాలుగే, అన్నీ మోకాలి మీదే.

ఇరవై ఆరుగురు లేచి తిరిగారు. ఎబెన్ క్రోజియర్ లేవలేదు. వాడి పొక్కులు విడివిడిగా రాలేదు, కలిసిపోయాయి. కూబా వాడి పక్కనుంచి కదలలేదు. పదమూడో రోజు మధ్యాహ్నం తల్లి ఒళ్ళో పోయాడు. ఆడమ్ బయట గడ్డి మీద కూర్చుని రెండు చేతులతోనూ నేలని పట్టుకున్నాడు, పడిపోతానేమో అన్నట్టు. ఎబెన్‌కి నేనే స్నానం చేయించాను. ఎంత తేలికైన బిడ్డో.

మామూలుగా రోగం సోకినవాళ్ళలో ఈ లోయలో తొమ్మిదిమంది పోయారు. మిల్లు యజమానీ ఆయన ఇద్దరు కొడుకులూ, హ్యూస్టన్ గారి భార్యా, మిగతావాళ్ళ పేర్లు విడిగా కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. మీరు వాళ్ళలో ఆరుగురికి బాప్తిస్మం ఇచ్చారు. అది చదివేటప్పుడు కూర్చుని చదవండి.

ఇక నేను దాచిపెట్టిన మాట.

పోయిన చలికాలంలోనే నేను మీకు రాశాను, ఫిలడెల్ఫియాలో మశూచి ఉందనీ, ఇక్కడికి వస్తే పిల్లలకి అంటు వేయించనా అనీ. మీరు ఏప్రిల్ ఉత్తరంలో జవాబు రాశారు. మీ వాక్యాలు నాకు కంఠతా వచ్చు. "అంటు సంగతి అడిగావు. రోగం లేని ఒంట్లోకి మన చేత్తో రోగం దింపడం మన పని కాదు. వద్దు. ఈ మాటలో మార్పు లేదు." ఆ ఉత్తరం నాకు జూలై ఇరవై రెండున అందింది. రోగం రాకముందే. ఆలస్యంగా అందిందని ఇప్పుడు మీకు రాసి ఉండొచ్చు. సముద్రం అవతల ఉన్న మీకు ఎప్పటికీ తెలిసేది కాదు. కాని అది ఇంకో అబద్ధమవుతుంది, ఒకటి చాలు.

ఆ ఒక్కటీ ఇది. కంచె దగ్గర జెనెట్ అడిగినప్పుడు నేను, "అయ్యగారి ఉత్తరం వచ్చింది. సరేనన్నారు," అని చెప్పాను.

మీ మాట కాదని నా పిల్లలకి వేయించడం ఒకటి. అది మీకూ నాకూ మధ్య సంగతి. కాని ఇరవైమందికి పైగా తల్లులు మీరు ఒప్పుకున్నారనుకుని తమ పిల్లల్ని తెచ్చారు. నా మాట మీద ఎంతమంది వస్తారో చూసి ఉండాల్సింది. చాలదనుకున్నాను. ఎదురుగా తొమ్మిదిమంది తల్లులు నిలబడి ఉంటే, వాళ్ళని మోసం చెయ్యడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. అంత తేలిగ్గా నోటికి వస్తుందని నాకే తెలియదు.

ఎబెన్‌ని పూడ్చిపెట్టిన మర్నాడు నేనూ ఎల్స్‌పెత్ ఊట దగ్గర వెన్న కడుగుతున్నాం. అది తలెత్తకుండా అంది, "అమ్మా, నాన్నగారి ఉత్తరం నేను చదివాను."

"ఎప్పుడు?"

"వచ్చిన రోజే. నువ్వు ఆవు దగ్గరికి వెళ్ళినప్పుడు."

"మరి చెయ్యి చాపినప్పుడు ఒప్పుకున్నారా అని అడిగావెందుకు?"

"నువ్వు నిజం చెబుతావేమో అని. చెప్పినా చాపేదాన్నే." వెన్న ముద్దని నీళ్ళలో తిప్పుతూ, "జెనెట్ అత్త నన్ను పట్టుకుని ఏడుస్తూ, అయ్యగారు ఒప్పుకున్నారు కదా, ఇందులో దేవుడి చిత్తమేదో ఉంటుందిలే అంది. నేనేమీ అనలేదమ్మా. ఎన్నాళ్ళు అనకుండా ఉండాలో చెప్పు," అంది.

పన్నెండేళ్ళ బిడ్డ నా అబద్ధాన్ని రెండు వారాలకి పైగా మోస్తోంది. నేను చేతులు తుడుచుకుని లేచాను. వెన్న అక్కడే వదిలేసి తిన్నగా జెనెట్ ఇంటికి వెళ్ళాను.

ఆమె గుమ్మంలో నార దువ్వుతోంది. నిలబడే చెప్పాను. "జెనెట్, అయ్యగారు సరేననలేదు. వద్దన్నారు. నేను అబద్ధం చెప్పాను."

దువ్వెన ఆగింది. మగ్గం చప్పుడు కూడా ఆగింది, ఆడమ్ లోపల్నుంచి విన్నాడు. జెనెట్ దువ్వెన ఒళ్ళో పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"వెళ్ళండమ్మగారూ," అంది. "నేనేమన్నా అనకముందే వెళ్ళిపోండి."

పై సబ్బాతు నాడు నేనే అడిగి సంఘం ముందు నిలబడ్డాను. తప్పు చేసినవాళ్ళని మీరు నిలబెట్టే చోటే, ప్రసంగ వేదిక కింద, అందరికీ మొహం కనిపించేలా. చెప్పవలసింది నాలుగు వాక్యాల్లో చెప్పాను. అయ్యగారు వద్దన్నారు, నాకు తెలుసు, తెలిసే ఒప్పుకున్నారని చెప్పాను, ఆయన పేరుని ఆయనకి తెలియకుండా వాడుకున్నాను.  హ్యూస్టన్ గారు లేచి, "ఆ అబద్ధం ఇంకో వారం ముందు చెప్పి ఉంటే నా భార్య ఉండేదేమో," అన్నాడు. 

గావిన్ లేచి అడిగాడు, "పశ్చాత్తాపపడుతున్నారా?"

"అబద్ధానికి పడుతున్నాను. అంటు వేయించినందుకు కాదు."

"రెండూ విడదీయడానికి వీల్లేదు అమ్మగారూ."

"విడదీయకపోతే నా పశ్చాత్తాపం కూడా అబద్ధమే అవుతుంది పెద్దయ్యా. మీకు ఏది కావాలి?"

ఆయన సంఘం వైపు తిరిగాడు. ఆ తర్వాత అన్న మాట మీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజే. "నా మనవరాలు ఫీబీ ఆ బడిలో పడుకుంది. నాకు తెలియకుండా తీసుకెళ్ళారు. ఇవాళ అది నా ఇంట్లో గెంతుతోంది. ఆ మాట అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. అయినా అబద్ధం అబద్ధమే. అయ్యగారి భార్య చెప్పినా అబద్ధమే."

"అవును," అన్నాను. "అంతే."

మీరు తిరిగి వచ్చి విచారించేదాకా నేను ప్రభువు బల్లకి రాకూడదని తీర్మానించారు. ఒప్పుకున్నాను. పోయిన సబ్బాతు బల్లారాధన జరిగితే వెనక బెంచీ మీద కూర్చుని మిగతావాళ్ళు రొట్టె అందుకోవడం చూశాను. కష్టంగానే ఉంది. కాని సిగ్గుతో తల వంచుకోలేదు. పిల్లలు ముగ్గురూ నా పక్కనే కూర్చున్నారు.

ఇప్పుడు మీతో నాకున్న మాట. మీరు వచ్చాక ఈ విచారణ నుంచి తప్పుకోవద్దు. భార్య సంగతి కాబట్టి వేరే పాస్టర్ని పిలిపిద్దామని అనొద్దు. మీరే ఆ కుర్చీలో కూర్చోండి. వేరేవాళ్ళ భార్య చేస్తే ఏం తీర్పిస్తారో అదే ఇవ్వండి. మీ పేరు చెప్పి అబద్ధమాడినందుకు ఎంత శిక్ష వేసినా తీసుకుంటాను. కాని అంటు వేయించడం పాపమని మీరు ప్రసంగ వేదిక మీంచి చెబితే నేను లేచి నిలబడి కాదంటాను. ఈ సంగతి ఇప్పుడే చెబుతున్నాను, అప్పుడు మీరు ఆశ్చర్యపోకుండా. ఓడ ఎక్కినప్పటి నుంచి ఇంటికి చేరేదాకా మీకు ఆలోచించుకోవడానికి బోలెడంత సమయం ఉంటుంది. కోపం వస్తుంది, తెలుసు. ఆ కోపాన్ని సముద్రం మీద కొంత వదిలేసి, మిగిలింది తీసుకురండి. భరిస్తాను. మీరు ఎంత కోపంలో ఉన్నా ఒకరు చెప్పేది చివరిదాకా వింటారు. మిమ్మల్ని చేసుకున్నది అందుకే.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను.

అక్టోబరు మూడున, గురువారం నాడు, పొద్దున్నే జెనెట్ మనింటికి వచ్చింది. ఆ రోజు వెళ్ళిపొమ్మన్నాక మళ్ళీ ఆమె నాతో మాట్లాడలేదు. దారిలో ఎదురైతే పక్కకి తిరిగిపోయేది. ఇప్పుడు చంకలో కూతురు ఎస్తేర్‌ని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. ఆ పిల్లకి రెండేళ్ళు. అంటు వేసేనాటికి దానికి విరేచనాలు, అందుకని కూబా వద్దంది. ఇప్పుడు మశూచి కొండ అవతలి వాగు దగ్గర మళ్ళీ మొదలైంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

"కూబా రేవు దగ్గరే ఉందా?" అంది.

"ఉంది."

"పిలిపించండి."

 "జెనెట్, బాగా ఆలోచించుకున్నావా? ఎబెన్..."

"వాడిని నాకు గుర్తు చెయ్యక్కర్లేదు." పిల్లని చంక మార్చుకుంది. "వాడిని అయ్యగారి మాట మీద తెచ్చాను. దీన్ని మీ మాట మీద తెచ్చాను. మందిరంలో మీరు నిలబడ్డం చూశాను. ఇంక మీరు నాతో అబద్ధం చెప్పరు. కూర్చోండి, ఏం జరగొచ్చో మొత్తం చెప్పండి. చెడ్డది ముందు చెప్పండి."

చెడ్డది ముందు చెప్పాను. ఏదీ తగ్గించలేదు. పోవచ్చన్న మాట కూడా ఆమె కళ్ళలోకి చూసి చెప్పాను. ఆమె వింటూ నడుమ రెండు ప్రశ్నలు అడిగింది, రెంటికీ తెలిసింది చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. అంతా విన్నాక కూతురి చొక్కా చెయ్యి పైకి మడిచింది.

ఇవాళ్టికి పదకొండో రోజు. జ్వరం శనివారం వచ్చింది, ఈ పొద్దున్న దిగింది. పద్నాలుగు పొక్కులు, అన్నీ విడివిడిగానే. జెనెట్ మీ బడి గుడిసెలో దాని పక్కనే ఉంది, లోపల్నుంచి కేకేస్తోంది, ఎస్తేర్ పాలు అడుగుతోందట. కాబట్టి వెళ్తున్నాను.

ఇట్లు,
మీ రాకకి ఎదురుచూసే మీ భార్య, ముగ్గురు పిల్లల తల్లి
గ్రిజెల్